ముట్టుకోని వేలు: నెల్లూరు తీరంలో మలం, కులం, కేన్సర్

(మన పల్లెల చరిత్ర - 9వ భాగం)



పోయిన భాగంలో బకింగ్‌హామ్ కాలువ తవ్విన మన ముత్తాతల గురించి రాశాను. ఈసారి మనం ఇంట్లో కూడా మాట్లాడుకోని సంగతి రాస్తున్నాను. అన్నం తినేటప్పుడు దీన్ని చదవొద్దని మొదట్లోనే ఒక హెచ్చరిక పెట్టాలనుకున్నాను. తర్వాత ఆ హెచ్చరికే అసలు జబ్బేమో అనిపించి తీసేశాను.

1

మా నాయన మైపాడు దారిలో రొయ్యల చెరువులకు కాపలా ఉండేవాడు. అంతకుముందు ముప్పై ఏళ్ళు వరిమళ్ళలో కూలి. ఆయనకు దొడ్డికి పోయినప్పుడు నెత్తురు పడుతోందని ఇంట్లో మొదట తెలిసింది మా అమ్మకి. ఆయన చెప్పలేదు. లుంగీలు ఉతికేది ఆమె కాబట్టి తెలిసింది.

"పాపా, మీ నాయనకి మొలలు ముదిరినట్టుండాయే" అంది ఫోన్లో.

నేనప్పుడు పీహెచ్‌డీ చివరి అధ్యాయం రాస్తున్నా. "ఎవరికన్నా చూపించుకోమనమ్మా" అన్నాను. ఆ మాటతో నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన నాతో ఎట్టా చెప్తాడు? నేను ఆడపిల్లని. నేనూ అడగలేదు.

పద్నాలుగు నెలలు తిరిగాడు. మొదట ఊళ్ళో ఆర్ఎంపీ. తర్వాత మొలలకు గ్యారంటీ వైద్యం అని బోర్డు పెట్టుకున్న ఒక గది. తర్వాత ఒక పెద్దాసుపత్రి ఓపీ. మూడు చోట్లా మాత్రలిచ్చారు, పూతమందు రాశారు, కారం తినొద్దన్నారు. మూడు చోట్లా జరగనిది ఒకటే. ఆయన్ని ఎవరూ ముట్టుకోలేదు.

చివరికి ఇంకోచోట ఒక కుర్ర డాక్టరు గ్లౌజు తొడుక్కుని, పక్కకు తిరిగి పడుకోమని, వేలితో చూశాడు. నిమిషం కూడా పట్టలేదు. గడ్డ వేలికి తగిలింది. అప్పటికే కాలేయానికి పాకింది. నాయనకు 58 ఏళ్ళు. ఇంకో ఎనిమిది నెలలు ఉన్నాడు.

కులం చూసి ముట్టుకోలేదని నేను రుజువు చెయ్యలేను. ఓపీ గది ముందు వందల మంది వరస. లోపల చాటు లేదు, మంచం లేదు. వేరే కులం మనిషికైనా అక్కడ అదే జరిగి ఉండొచ్చు. నా బాధ వేరే. ముట్టుకోకుండా మందు రాసిచ్చినప్పుడు "అదేంది, చూడరా?" అని అడగాలని మా నాయనకి తట్టలేదు. పుట్టినప్పటి నుంచీ చేతిలో పడకుండా పైనుంచి జారవిడిచిన కూలి డబ్బులు పట్టుకున్న మనిషి. దూరం నుంచి ఇచ్చింది పుచ్చుకోవడం ఆయనకు అలవాటే.

నాయన పోయిన తర్వాత ఆరోగ్య సదస్సులు కొన్నిటికి వెళ్ళాను. ప్రతి చోటా ఒకటే మాట వినపడేది: "మీ వాళ్ళకి అవగాహన లేదు, పరీక్షలకు రారు." ఈ భాగం ఆ మాటకి నా జవాబు. మనవాళ్ళు రాకపోవడానికి ఒక చరిత్ర ఉంది. వచ్చిన చరిత్ర కూడా ఉంది, అదీ మన నెల్లూరు జిల్లాలోనే.

2

తెలుగు చెప్పుకునేదాన్ని, మాటల దగ్గరే మొదలుపెడతాను.

కేన్సర్‌కి మన పెద్దవాళ్ళు వాడిన మాట రాచపుండు. మొలలకు ఇంకో పేరు మూలశంక. ఆ మాటలో శంక ఉంది. మాకు మాత్రం శంక రాలేదు. మలం అన్న మాటను మనం నోటితో అనం. "బయటికి పోయొచ్చా", "చెంబు తీసుకుపోయినా" అంటాం. నెత్తురు పడితే "వేడి చేసింది" అంటాం. పెద్దపేగు కేన్సర్‌కి మన పల్లెల్లో పేరే లేదు. పేరు లేని జబ్బుకి పరీక్ష ఎవరు అడుగుతారు?

మలం పేరెత్తడానికి అందరికీ సిగ్గే, కులంతో పనేముంది అంటారు కొందరు. నిజమే, ఈ సిగ్గు ప్రపంచమంతా ఉంది. కానీ మన దేశంలో ఆ సిగ్గుని, ఆ రోతని కులాలవారీగా పంచారు. ఒకరి మలం ఇంకొకరు ఎత్తాలని రాసిపెట్టింది ఇక్కడే. తెలుగు పట్టణాల్లో పాకీ పనికి మాదిగల్ని, చాలా చోట్ల యానాదుల్ని దించారు. కోలారు బంగారు గనుల్లో గని కార్మికుల దొడ్లు ఎత్తింది కూడా ఇక్కడి నుంచి వలసపోయిన తెలుగు మాదిగ కుటుంబాలే. అట్లాంటి ఒక ఇంట్లో 1966లో పుట్టినవాడు బెజవాడ విల్సన్. ఆయన నిలబెట్టిన సఫాయి కర్మచారీ ఆందోళన్ గురించి ఇంతకుముందే రాశాను, మళ్ళీ చెప్పను.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటి. రోజూ ఊరి మలం ఎత్తినవాళ్ళని ఊరు రోగిష్టివాళ్ళంది. వాళ్ళ మలంలో నెత్తురుందా లేదా అని మాత్రం ఏ మునిసిపాలిటీ చూడలేదు.

3

మరి మన ఒంటిని ఎవరూ అడగలేదా? అడిగారు. రెండు రకాలుగా అడిగారు.

1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ కాలువ పనిలో కొన్ని మైళ్ళు గుత్తకు తీసుకుని మాదిగలకు కూలి చూపించిన సంగతి పోయినసారి చదివారు. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోదే. కరువు అయిపోయాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ మిషనే 19వ శతాబ్దం చివర్లో నెల్లూరులో ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆసుపత్రి పెట్టింది. మతం సంగతి ఎట్లా ఉన్నా, మాలమాదిగ ఆడవాళ్ళని మంచం మీద పడుకోబెట్టి, నాడి పట్టుకుని, కాన్పు చేసిన చోటది. తర్వాత తరాల్లో మన ఆడపిల్లలు ఎంతోమంది నర్సులైంది కూడా అట్లాంటి ఆసుపత్రుల నుంచే. అక్కడికి మనవాళ్ళు వెళ్ళారు. అవగాహన పాఠాలు విని వెళ్ళలేదు. ముట్టుకున్నారు కాబట్టి వెళ్ళారు.

రెండో రకం చూడండి. 1920ల్లో అమెరికా రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వాళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీలో కొంకిపురుగు మీద పని చేశారు. చెప్పుల్లేని కాళ్ళ నుంచి ఒంట్లోకి ఎక్కి, పేగుల్లో నెత్తురు తాగే పురుగు. దాన్ని కనిపెట్టాలంటే మలం నమూనా తీసుకోవాలి. మందు నిజంగా పనిచేసేది, అందులో సందేహం లేదు. కానీ ఆ పథకాల భాష చూస్తే, రోగం పోతే కూలివాడు ఎంత ఎక్కువ పని చేస్తాడనే లెక్క పదేపదే కనిపిస్తుంది. ఆ లెక్కలో మన ఒళ్ళు ఒక పనిముట్టు.

4

ఇప్పుడు చిన్నగా సైన్సులోకి రండి. ఈ భాగం మీకు ఉపయోగపడుతుంది, వదలొద్దు.

పెద్దపేగు కేన్సర్ ఒక్కరోజులో రాదు. పేగు లోపలి గోడ మీద చిన్న బుడిపె లేస్తుంది. పాలిప్ అంటారు. అన్ని పాలిప్‌లూ కేన్సర్ కావు. అయ్యేవాటికి కూడా మామూలుగా పదేళ్ళ దాకా పడుతుంది. ఈలోపల అది అప్పుడప్పుడూ కంటికి కనపడనంత నెత్తురు కారుస్తుంది. ఆ నెత్తుర్ని మలంలో పట్టుకుంటే, కొలనోస్కోపీ గొట్టంతో లోపల చూసి బుడిపెని అక్కడే తీసేయొచ్చు. అంటే ఈ జబ్బుని ముందుగా కనిపెట్టడమే కాదు, రాకుండా కూడా ఆపొచ్చు. ఇది అన్ని కేన్సర్లకూ కుదిరే పని కాదు.

మలంలో నెత్తుర్ని ఒక చెట్టు జిగురుతో పట్టొచ్చని 1864లోనే తెలుసు. దాన్ని జనంలోకి తెచ్చింది అమెరికాలో ఒహాయో డాక్టరు డేవిడ్ గ్రీగర్, 1967లో. ఆయన చేసింది పెద్ద యంత్రమేం కాదు. ఒక అట్టముక్క. మనిషి తన ఇంట్లోనే, తన మలాన్ని తనే పుల్లతో ఆ అట్టకు రాసి డాక్టరుకు ఇవ్వాలి. ఈ పద్ధతి గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరి మలం వాళ్ళే ముట్టుకోవాలి! గ్రీగర్‌కి ఇది సౌకర్యం కోసం చేసిన ఏర్పాటు. మన సమాజంలో అయితే అది ఒక విప్లవం.

ఇక 1993 అనే సంవత్సరాన్ని చూడండి. ఆ ఏడాది అమెరికాలోని మిన్నెసోటా ప్రయోగ ఫలితాలు వచ్చాయి. 50 నుంచి 80 ఏళ్ళ మధ్యవాళ్ళు 46,551 మంది మీద చేసిన ప్రయోగం. ఏడాదికోసారి మలం పరీక్ష చేయించుకున్న వాళ్ళలో పెద్దపేగు కేన్సర్ చావులు 33 శాతం తగ్గాయి. అదే 1993లో మన దేశం పాకీ పనిని నిషేధిస్తూ మొదటి చట్టం చేసింది. ఒక దేశం మలాన్ని పరీక్షించి ప్రాణం కాపాడొచ్చని తేల్చుకున్న ఏడాది, మన దేశం మలాన్ని సాటి మనిషి నెత్తికి ఎత్తకూడదని కాగితం మీద రాసుకుంది. అదీ సరిగ్గా అమలు కాక 2013లో ఇంకో చట్టం కావలసి వచ్చింది.

5

పరీక్షలంటే, టీకాలంటే మనవాళ్ళు వెనకాడటానికి దగ్గర కారణం కూడా ఒకటుంది. విద్యార్థులు ఇది తప్పక తెలుసుకోవాలి.

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, ఎక్కువగా గిరిజన పల్లెల్లో, పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, మన భారత వైద్య పరిశోధన మండలి కలిసి చేసిన కార్యక్రమం అది. 2010లో ఆపేశారు. కొంతమంది పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణలో చెప్పారు. టీకా కూడా మంచిదే, నేను వ్యతిరేకిని కాను. కానీ అనుమతి కాగితాల మీద చాలా చోట్ల తల్లిదండ్రుల సంతకాలు లేవు. హాస్టల్ వార్డెన్లు పెట్టిన సంతకాలున్నాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

అంత మంచి టీకా వేస్తూ ఆ తల్లిదండ్రుల్ని అడగాలని ఎందుకనుకోలేదు? హాస్టల్లో చదివిన మీకు జవాబు తెలుసు. నేనూ సాంఘిక సంక్షేమ హాస్టల్లోనే చదివాను. మా తరఫున ఎవరో ఒకరు ఎప్పుడూ సంతకం పెట్టేసేవారు.

6

ఇప్పుడు వచ్చిన చరిత్ర చెప్తాను.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో రాత్రి బళ్ళు నడిచాయి. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్ళు లాంతరు ముందు పలక పట్టుకున్నారు. వాచకంలో సీతమ్మ అనే ఒకామె కథ ఉంది. సారా కాపరాన్ని కూల్చిన కథ. కలిగిరి మండలం దూబగుంటలో ఆ కథ విన్న ఆడవాళ్ళు "ఇది మన కథే గదా" అనుకుని సారా అంగడి మూయించారు. రోశమ్మ పేరు అట్లా బయటికొచ్చింది. తర్వాత దూబగుంట కథే ఇంకో వాచకంలో పాఠమైంది. ఆ పాఠం చదివిన ఊరూ లేచింది. 1992లో కలెక్టరాఫీసు దగ్గర సారా పాటలు జరగనియ్యలేదు. ముందు నిలబడినవాళ్ళలో చాలామంది దళిత, వెనకబడిన కులాల ఆడవాళ్ళు. 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. చూశారా, మళ్ళీ 1993.

ఆ ఆడవాళ్ళు కేన్సర్ కోసం పోరాడలేదు. కూలి డబ్బు కోసం, తన్నులు తప్పించుకోవడం కోసం పోరాడారు. కానీ మద్యం పెద్దపేగు కేన్సర్‌కి ఒక కారణమని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ తేల్చి చెప్పింది. ఆ లెక్కన మన జిల్లాలో జరిగిన అతిపెద్ద కేన్సర్ నివారణ ఉద్యమం సారా ఉద్యమమే. దాన్ని నడిపించింది డాక్టర్లు కాదు. అక్షరాలు అప్పుడే నేర్చుకున్న కూలి ఆడవాళ్ళు. వాళ్ళని ఎవరూ "అవగాహన లేనివాళ్ళు"గా కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వలేదు. వాళ్ళ కథని వాళ్ళ చేతికే ఇచ్చారు.

ఇలాంటిదే ఇంకోచోట చూపిస్తాను. అమెరికాలో డెలావేర్ అనే చిన్న రాష్ట్రం. అక్కడ నల్లవాళ్ళలో పెద్దపేగు పరీక్ష చేయించుకున్నవాళ్ళు 48 శాతమే. తెల్లవాళ్ళ కంటే బాగా తక్కువ. 2002 తర్వాత ఆ రాష్ట్రం మూడు పనులు చేసింది. బీమా లేనివాళ్ళకు పరీక్ష ఖర్చు భరించింది. పరీక్షలో కేన్సర్ బయటపడితే వైద్యం ఖర్చూ భరిస్తానంది. వెంట ఉండి ఆసుపత్రికి తీసుకుపోయి, భయం తీర్చి, ఇంటికి చేర్చే మనుషుల్ని పెట్టింది. 2009 కల్లా నల్లవాళ్ళలో పరీక్ష చేయించుకున్నవాళ్ళు 74 శాతం. తెల్లవాళ్ళతో సమానం. అక్కడి నల్లవాళ్ళ బుర్రలు ఏడేళ్ళలో మారాయా? లేదు, వాళ్ళకు ఎదురైన వ్యవస్థ మారింది.

రెండో పనిని మళ్ళీ చదవండి. బయటపడితే వైద్యం చేయిస్తామన్న హామీ. మా నాయన వయసువాళ్ళతో మాట్లాడి చూడండి. "ఉందని తెలిసి మాత్రం ఏం చేస్తాం నాయనా" అంటారు. దాన్ని అజ్ఞానం అంటున్నారు. అది ఇంటి ఖర్చు లెక్క. ఆపరేషన్‌కి ఆరోగ్యశ్రీ ఉండొచ్చు. జబ్బు ఉందో లేదో తేల్చుకునే దాకా స్కానులకూ, గొట్టం పరీక్షకూ, బస్సు ఛార్జీలకూ మా ఇంట్లో అమ్మ కమ్మలు పోయాయి.

7

పెద్దకూర గురించి రాయకపోతే ఎవరో ఒకరు కింద రాస్తారు, నేనే రాస్తాను.

"మీరు బీఫ్ తింటారు, అందుకే ఈ కేన్సర్" అని నాతో చదువుకున్నవాళ్ళే అన్నారు. 2015లో అంతర్జాతీయ సంస్థ చెప్పింది ఇది. ఉప్పేసి, పొగబెట్టి, నిలవ చేసిన మాంసం పెద్దపేగు కేన్సర్‌కి కారణం. పచ్చి ఎర్రమాంసం బహుశా కారణం కావొచ్చు. ఎర్రమాంసం అంటే గొడ్డు మాంసం ఒక్కటే కాదు. మేకా, గొర్రె, పందీ అన్నీ అందులోవే. ఆదివారం పొట్టేలు కూర తినే ఇంటికి ఆ ప్రశ్న ఎవరూ వెయ్యరు. అలాగని మనల్ని మనం మోసం చేసుకోవద్దు. కరువు రోజుల్లో మనల్ని బతికించిన ఎండు తునకలు కూడా నిలవ మాంసమే. పండక్కి తినండి, రోజూ వద్దు.

పొగాకు, మందు, కదలకుండా కూర్చునే పని, నడుం చుట్టూ కొవ్వు ఇవి కూడా కారణాలే. పీచు ఉన్న తిండి కాపాడుతుంది. మన తాతలు తిన్న రాగిసంకటి, జొన్నన్నం, కొర్రన్నం పేదరికం గుర్తులని మానేసి, పాలిష్ బియ్యాన్ని గౌరవం అనుకున్నాం. ఆ గౌరవం ఎందుకు కావాలనిపించిందో నాకు తెలుసు. అయినా ఆ గింజల్ని మళ్ళీ ఇంటికి తెచ్చుకుందాం.

8

మరి మనం అడగాల్సింది ఏమిటి?

ముందు ఒక నిజం. పశ్చిమ దేశాలతో పోలిస్తే మన దగ్గర ఈ కేన్సర్ తక్కువ. మన ప్రభుత్వాలు ముప్పై దాటినవాళ్ళకు చేసే కేన్సర్ పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం వరకే. పెద్దపేగు ఆ జాబితాలో లేదు. ఇంటింటికీ మలం డబ్బాలు పంచి, తేడా వచ్చినవాళ్ళకు కొలనోస్కోపీ చేసేవాళ్ళు లేకపోతే అది ఇంకో మోసం అవుతుంది. అందుకే నేను అందరికీ పరీక్ష పెట్టమని అడగడం లేదు. అంతకంటే చిన్నవి అడుగుతున్నాను.

మలంలో నెత్తురని వచ్చిన ప్రతి మనిషినీ వేలితో చూడాలి. ప్రతి ఓపీలో అందుకు ఒక చాటు, ఒక మంచం, ఒక గ్లౌజు ఉండాలి. గొట్టం పరీక్ష జిల్లా ఆసుపత్రిలో ఉచితంగా, వారాల్లో జరగాలి. రేపు మలం పరీక్ష పథకంగా వస్తే, ఆ డబ్బాలు మోసే పని మళ్ళీ మన ఆశా అక్కచెల్లెళ్ళ నెత్తిన, మన సఫాయి అన్నల నెత్తిన పడకూడదు. ఏ కులం మనిషైనా తన డబ్బా తనే మూతపెట్టి తనే తెచ్చివ్వాలి.

ఇక ఇంట్లో చెయ్యాల్సినవి. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీ నాయన్నీ, అమ్మనీ అడగండి. నెత్తురు పడుతోందా? మూడు నాలుగు వారాలుగా విరేచనం తీరు మారిందా? పోయొచ్చినా ఇంకా ఉన్నట్టే అనిపిస్తోందా? కారణం లేకుండా బరువు తగ్గారా, నెత్తురు తక్కువైందా? ఒక్కటి అవునన్నా వెంటబెట్టుకుని వెళ్ళండి. డాక్టరు చూడకుండా మొలల మందు రాస్తే, "ఒకసారి వేలితో చూడండి సార్" అని మీరు అడగండి. తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో ఎవరికైనా ఈ కేన్సర్ వచ్చి ఉంటే, మీకు 40 ఏళ్ళు వచ్చేసరికి, లేదా వాళ్ళకు బయటపడిన వయసుకు పదేళ్ళు ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోండి.

నాకు 40 రావడానికి ఇంకో నాలుగేళ్ళుంది. తేదీ డైరీలో రాసుకున్నాను. తమ్ముడికి కూడా చెప్పాను. వాడు సిగ్గుపడి నేల చూశాడు. "ఏందక్కా నువ్వు" అన్నాడు. "నాయన కూడా ఇట్నే నేల చూశాడురా" అన్నాను. తర్వాత వాడేం మాట్లాడలేదు. మొన్న ఫోన్ చేసి, ఆసుపత్రికి ఎప్పుడు పోవాలో నువ్వే గుర్తుచెయ్యి అన్నాడు.

వచ్చే భాగం శ్రీహరికోట యానాదుల గురించి. అప్పటిదాకా, ఆ ఫోన్ చెయ్యడం మర్చిపోకండి.

జై భీమ్.